లెక్క చూపుట అవమానము కాదు



షోలాపురము తూర్పు భాగమున మనవారు నిలిపిన ధర్మసంస్థలు అనేకము. దేవాలయములు, విద్యాలయములు, వసతి గృహములు, ఉత్సవ మండలులు, ఇవి యన్నియు మరమగ్గముపై తువాళ్లు నేసిన వాని కూలితోను, బీడీలు చుట్టిన తల్లి సంపాదనతోను లేచినవి. అట్టి సొమ్మునకు లెక్క యడిగిన వానిని సంఘద్రోహి యనుట వాడుకయైనది. ఈ వాడుకను మేము ఖండించుచున్నాము.

అడిగిన వానికి మొదట వచ్చు జవాబు, “ఇంటిగుట్టు లంకకు చేటు” అని. పరభాషల వారి నడుమ నున్నాము, మన లోపములు బయటపడిన నవ్వుదురట! లంక చెడినది గుట్టు బయటపడినందున కాదు; సీతను చెరపట్టిన పాపము వలన. తప్పు లేని యింటికి గుట్టేల?

రెండవ జవాబు, “పెద్దలను శంకింతురా?” అని. వర్తకమున నున్న మేము, గుమాస్తా యెంత నమ్మకస్థుడైనను, సాయంకాలము రొక్కమును చిట్టాతో సరిచూతుము. అది అతనికి అవమానము కాదు. రేపు నింద వచ్చినచో ఆ చిట్టాయే అతనిని కాపాడును. నిజాయితీగల పెద్దలకు లెక్కల పుస్తకమును మించిన సాక్షి లేదు.

శాసనము కూడ ఇదే చెప్పుచున్నది. 1950 నాటి బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టము, నేటి పేరున మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టము, ట్రస్టీలు క్రమముగ లెక్కలు వ్రాసి ఏటేట ఆడిటు చేయింపవలెనని విధించినది. ఆడిటరు తాను కనిన అక్రమములను నివేదికలో తెలుపవలెను. ఆ నివేదిక ధర్మాదాయ ఆయుక్తుల కార్యాలయమునకు చేరును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో ఆ కచేరికి దరఖాస్తు పెట్టి నకలు కోరవచ్చును. ప్రభుత్వ ధనము గణనీయముగ పొందు సంస్థలు తామే ఆ చట్టమునకు లోబడునని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అయినను, కచేరికి పోవుట నేతగానికి ఒకనాటి కూలి పోగొట్టుకొనుట. తెచ్చిన కాగితము మరాఠీలోనో ఇంగ్లీషులోనో యుండును. తెలుగు మాత్రమే చదువగల మన వృద్ధులకు దానివలన ప్రయోజనమేమి? చందాకై గడపగడపకు వచ్చిన వారు లెక్క చెప్పుటకు ఒక్క గడపయైన తొక్కరాదా? ఉత్సవములు వీధిలోను, లెక్కలు తాళము వేసిన పెట్టెలోనునా?

కావున మా కోరిక యిది. మార్చి 31తో ముగిసిన సంవత్సరపు ఆడిటు లెక్కను ప్రతి సంస్థయు సెప్టెంబరు నెలాఖరులోగా తెలుగులో వ్రాసి తన వాకిట అంటింపవలెను. వచ్చినదెంత, ఖర్చెంత, బ్యాంకులో నిలువెంత, బాకీ యెంత, దుకాణముల అద్దె యెంత, ఈ అయిదును చాలును. ఈ పత్రికలో దానికి ఉచితముగ చోటిత్తుము. మా సంఘపు లెక్కయే మొదట అచ్చగును.

చందాదారులారా! రసీదు పుస్తకముతో వచ్చిన వారిని నిరుటి లెక్క చూపుడని యడుగుడు. చూపినచో శక్తికొలది యిండు. చూపనిచో నమస్కారము పెట్టి పంపివేయుడు.