ఫిర్యాదు చేసిన అమ్మాయి చదువు ఆగకూడదు

లైంగిక వేధింపునకు గురైన విద్యార్థిని నోరు విప్పకపోవడానికి ప్రధానంగా రెండు భయాలు కారణం. వేధించినవాడు ఇంకేం చేస్తాడోనన్నది మొదటిది. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్నది రెండోది. పల్లె నుంచి వెళ్లి చదువుకునే అమ్మాయిని ఎక్కువగా కట్టిపడేసేది ఈ రెండో భయమే. సిద్దిపేట జిల్లా బెజ్జంకి మండలాన్నే తీసుకుంటే, పైచదువు అంటే ఒకవైపు కరీంనగర్, మరోవైపు సిద్దిపేట, ఇంకా పైకి వెళ్లాలంటే హైదరాబాద్. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్న ఈ మండలానికి శాతవాహన విశ్వవిద్యాలయం ఉన్న ఆ పట్నంతో చదువుల బంధం పాతదే. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక చార్జీల బరువు తగ్గింది. కానీ బస్సులోనో, ల్యాబులోనో, హాస్టల్లోనో ఒక్క చేదు అనుభవం ఎదురైందని తెలిస్తే చాలు, "ఇగ చదివింది చాలు, ఇంటికి రా" అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే క్యాంపస్‌లో రక్షణ వ్యవస్థ ఎలా పనిచేస్తోందో తేల్చేందుకు ఒకే గీటురాయి ఉంది. ఫిర్యాదు చేసిన అమ్మాయి ఆ ఏడాది పరీక్షలు రాసిందా, చివరికి పట్టా అందుకుందా అన్నదే ఆ గీటురాయి.

చట్టం వచ్చిన దారి

రాజస్థాన్‌లో బాల్య వివాహాన్ని అడ్డుకున్న ఒక గ్రామ కార్యకర్తపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. దాని దరిమిలా వేసిన విశాఖ కేసులో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు పనిచేసేచోట లైంగిక వేధింపుల నివారణకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి పూర్తిస్థాయి చట్టం కావడానికి పదహారేళ్లు పట్టింది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన దేశాన్ని కుదిపేశాక చట్టం 2013లో వచ్చి, ఆ ఏడాది డిసెంబరు 9న అమల్లోకి వచ్చింది. క్యాంపస్‌ల పరిస్థితిపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2013లోనే 'సాక్షమ్' నివేదిక తెచ్చింది. తర్వాత రూపొందించిన 2015 నిబంధనలను 2016 మేలో నోటిఫై చేసింది.

2013 చట్టం ప్రధానంగా పనిచేసేచోటును దృష్టిలో పెట్టుకున్నది. యూజీసీ నిబంధనలు నేరుగా విద్యార్థుల కోసం రాసినవి. మహిళలతో పాటు కొందరు మగ విద్యార్థులు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా ఈ హింసకు గురవుతారని అవి గుర్తించాయి. క్యాంపస్ అంటే తరగతి గది, లైబ్రరీ, హాస్టల్, క్యాంటీన్‌తో ఆగలేదు. విద్యాసంస్థకు రాకపోకలకు కల్పించిన రవాణా, క్షేత్ర పర్యటనలు, ఇంటర్న్‌షిప్‌లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. కాలేజీ బస్సులో జరిగింది కాబట్టి తమకు సంబంధం లేదని ఏ యాజమాన్యమూ తప్పించుకోలేదు.

కమిటీలో ఎవరుండాలి

ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ (ఐసీసీ) ఉండి తీరాలి. అధ్యక్షత వహించేది సీనియర్ మహిళా అధ్యాపకురాలు. విశ్వవిద్యాలయంలో అయితే ప్రొఫెసర్, కాలేజీలో అయితే అసోసియేట్ ప్రొఫెసర్ స్థాయికి తగ్గకూడదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, స్వచ్ఛంద సంస్థ నుంచి వచ్చే ఒక బయటి సభ్యులు ఉంటారు. విషయం విద్యార్థులకు సంబంధించినదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులకూ చోటివ్వాలి. మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పెద్ద పదవుల్లో ఉన్నవారు సభ్యులుగా ఉండకూడదు. సంస్థ పరువు కాపాడాలన్న ఒత్తిడి విచారణ మీద పడకూడదనే ఈ నిషేధం.

కమిటీ కాగితం మీద ఉంటే చాలదు. దాని సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు హాస్టల్ నోటీసు బోర్డు మీద తెలుగులో కనిపించాలి. మొదటి ఏడాది విద్యార్థినికి అడ్మిషన్ రోజునే చెప్పాలి. కమిటీ గది ప్రిన్సిపాల్ చాంబర్ పక్కన, అందరూ చూసే వరండాలో ఉంటే అక్కడికి వెళ్లడమే ఒక ప్రకటన అవుతుంది. అడుగుపెట్టేందుకు ఎవరి కంటా పడని చోటు కావాలి.

కమిటీ ఉన్నా దాని మీద నమ్మకం లేకపోతే ఏమవుతుందో 2025 జులైలో ఒడిశాలోని బాలాసోర్ చెప్పింది. సొంత విభాగాధిపతి మీద ఫిర్యాదు చేసిన ఒక బీఎడ్ విద్యార్థిని, న్యాయం జరగలేదన్న ఆవేదనతో కాలేజీలోనే నిప్పంటించుకుని, రెండు రోజులకు కన్నుమూసింది. ఈ ఘటనలో విభాగాధిపతినీ, ప్రిన్సిపాల్‌నూ పోలీసులు అరెస్టు చేశారు. 2024 ఆగస్టు చివర్లో కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయన్న ఆరోపణతో విద్యార్థినులు రాత్రివేళ ఆందోళనకు దిగారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు ప్రకటించారు. ఆరోపణ రుజువు కాకపోయినా, అనుమానం కలిగిన అమ్మాయికి నిర్భయంగా వెళ్లి చెప్పుకునే మనిషి ఉంటే సంగతి అర్ధరాత్రి రోడ్డెక్కేదాకా రాదు.

గడువులు, విచారణ తీరు

ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. బాధితురాలు శారీరకంగానో మానసికంగానో రాసే స్థితిలో లేకపోతే స్నేహితులు, బంధువులు, తోటి విద్యార్థులు, మానసిక వైద్యులు ఆమె తరఫున ఇవ్వవచ్చు. ఫిర్యాదు ప్రతి ఏడు రోజుల్లో ఎదుటి వ్యక్తికి చేరాలి, అతడు మరో పది రోజుల్లో జవాబివ్వాలి. 90 రోజుల్లో విచారణ ముగియాలి. నివేదిక వచ్చిన 30 రోజుల్లో సంస్థ చర్య తీసుకోవాలి.

గడువు దాటితే ఎంత నష్టమో ఇటీవలి కేసు ఒకటి చెబుతుంది. కోల్‌కతాలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు వైస్ చాన్సలర్‌పై చేసిన ఫిర్యాదు కాలం చెల్లిందన్న నిర్ణయాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు సంగతి ఆయన వ్యక్తిగత వివరాల్లో శాశ్వతంగా ఉండాలని కూడా ఆదేశించింది. చట్టం తెలిసిన అధ్యాపకురాలికే గడువు అడ్డుపడితే, డిగ్రీ మొదటి ఏడాది అమ్మాయి మాటేమిటి? తేదీ, సమయం, చోటు, చూసినవారు, ఫోన్‌లో వచ్చిన మెసేజీల స్క్రీన్‌షాట్లు అన్నీ వెంటనే ఒక చోట రాసి భద్రపరచుకోవాలని ప్రతి తరగతిలో చెప్పాల్సింది ఇందుకే.

తొందరపాటు విచారణ కూడా బాధితురాలికి మేలు చేయదు. గోవా విశ్వవిద్యాలయంలో 2009లో వచ్చిన విద్యార్థినుల ఫిర్యాదులపై విచారణ జరిపి ఒక విభాగాధిపతిని తొలగించారు. విచారణను హడావుడిగా ముగించి, ఆయనకు తన వాదన వినిపించే సరైన అవకాశం ఇవ్వలేదన్న కారణంతో 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ చర్యను పక్కన పెట్టి, కేసును వెనక్కి పంపింది. పద్ధతి ప్రకారం సాగని విచారణ పద్నాలుగేళ్ల తర్వాత కూడా కూలిపోతుంది. నిందితుడికి ఇచ్చే న్యాయమైన అవకాశమే బాధితురాలికి దక్కిన తీర్పును నిలబెడుతుంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం అయిపోదని చట్టమే చెబుతోంది.

ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీలో డబ్బు ముట్టజెప్పి మాట మాపడం అలవాటు. యూజీసీ నిబంధనల ప్రకారం రాజీ కావాలని బాధితురాలే కోరాలి. అప్పుడైనా డబ్బు దానికి ఆధారం కాకూడదు.

చదువును కాపాడే నిబంధనలు

నిబంధనల్లో అన్నిటికంటే తక్కువ మందికి తెలిసినవి, పల్లె విద్యార్థినికి అన్నిటికంటే ఎక్కువ అవసరమైనవి మధ్యంతర ఉపశమనానికి సంబంధించినవి. బాధితురాలు కోరితే ఆమెనో, ఎదుటి వ్యక్తినో వేరే సెక్షన్‌కు, విభాగానికి మార్చవచ్చు. ఆమె హోదాకు భంగం కలగకుండా మూడు నెలల దాకా సెలవు ఇవ్వవచ్చు. ఆమె పనినీ, పరీక్షలనూ అతడు మూల్యాంకనం చేయకుండా ఆపవచ్చు. ఆమె దరిదాపుల్లోకి రావద్దని అతణ్ని హెచ్చరించవచ్చు.

ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్స్, హాజరు, పీహెచ్‌డీ గైడ్ సంతకం ఎవరి చేతిలో ఉంటాయో వాళ్ల మాట కాదనడం ఎంత కష్టమో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కాబట్టి ఫిర్యాదు అందిన రోజునే మూల్యాంకనం మార్చడం కమిటీ చేయాల్సిన మొదటి పని. అమ్మాయినే వేరే కాలేజీకి పంపేయడం, హాస్టల్ ఖాళీ చేయించడం, తల్లిదండ్రులను పిలిపించి టీసీ ఇవ్వడం ఉపశమనం కాదు, రెండో శిక్ష. ఇంటికి ఫోన్ చేయాలా వద్దా అన్నది కూడా వయసొచ్చిన విద్యార్థిని నిర్ణయమే. నేరం తేలిన విద్యార్థిపై హాస్టల్, లైబ్రరీ, స్కాలర్‌షిప్ వంటి సౌకర్యాల నిలిపివేత నుంచి కాలేజీ నుంచి పూర్తి తొలగింపు దాకా చర్యలు తీసుకోవచ్చు. తప్పనిసరి కౌన్సెలింగ్, సమాజసేవ వంటివీ వాటిలో ఉన్నాయి.

మొదట వినేవారి మాట తర్వాతి దారిని నిర్ణయిస్తుంది. వార్డెన్ "ఆ టైంల అక్కడికెందుకు పోయినవ్?" అని అడిగితే అమ్మాయి మళ్లీ నోరెత్తదు. "ఇందులో నీ తప్పేం లేదు, నువ్వు ఏం చేద్దామంటే అది చేద్దాం" అంటే నిలదొక్కుకుంటుంది. అధ్యాపకులు, వార్డెన్లు, సెక్యూరిటీ సిబ్బంది అందరికీ నేర్పాల్సిన మొదటి పాఠం ఇదే.

నేరమైతే పోలీసులు, ఆసుపత్రి

ఐసీసీ విచారణ పోలీసు కేసుకు ప్రత్యామ్నాయం కాదు. అత్యాచారం, వెంటపడటం, రహస్య చిత్రీకరణ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద నేరాలు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. అంటే హైదరాబాద్‌లో జరిగినదానికి బెజ్జంకి పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ ఉచితంగా చికిత్స చేయాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపు మొదలుపెడితేనే పనిచేస్తాయి కాబట్టి కేసు పెట్టాలా వద్దా తేల్చుకోకముందే వైద్యం అందాలి. రెండు వేళ్ల పరీక్ష చేస్తే దుష్ప్రవర్తనగా పరిగణిస్తామని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు హెచ్చరించింది.

విద్యార్థినికి 18 ఏళ్లు నిండకపోతే పోక్సో చట్టం వర్తిస్తుంది. ఇంటర్ చదివే అమ్మాయిల్లో ఎక్కువమంది ఈ వయసువారే. తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెట్టిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

ఆధారాల సేకరణ సరిగా లేకపోతే రెండు కుటుంబాలూ నాశనమవుతాయి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిపై అత్యాచారం, హత్య జరిగాయి. 2010లో జీవితఖైదు పడిన యువకుణ్ని 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఎనిమిదేళ్లకు పైగా అతను జైల్లో మగ్గాడు, ఆమె తల్లిదండ్రులకు దోషి ఎవరన్నదే తేలలేదు. దీనికి భిన్నంగా, 2022 డిసెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఒక విదేశీ విద్యార్థిని ఆచార్యుడిపై చేసిన ఆరోపణ బయటికి రాగానే విద్యార్థులు మెయిన్ గేటు దగ్గర ఆందోళనకు దిగారు. పోలీసులు వెంటనే అరెస్టు చేశారు, వర్సిటీ అతణ్ని సస్పెండ్ చేసింది. వెంటనే కదలడం సాధ్యమేనని ఇది చూపింది.

సాయం కోసం తెలంగాణలో 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్, 2016లో హైదరాబాద్‌లో తెరిచిన భరోసా కేంద్రం, సఖి కేంద్రాలు, 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసర నంబరు 112 ఉన్నాయి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అత్యాచార బాధితులకు 2018 జాతీయ పథకం 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల దాకా పరిహారం నిర్దేశించింది.

నివారణ ఎక్కడ మొదలవుతుంది

నివారణ పేరుతో ఆడపిల్లల హాస్టల్‌కు ముందే తాళం వేయడాన్ని యూజీసీ ఒప్పుకోదు. భద్రతను సాకుగా చూపి మగపిల్లలకు లేని ఆంక్షలు ఆడపిల్లల మీద పెట్టకూడదని దాని నిబంధనల్లోనే ఉంది. వెలుతురున్న దారులు, నమ్మకమైన రవాణా, శిక్షణ పొందిన మహిళా భద్రతా సిబ్బంది, కౌన్సెలర్లు ఉండాలని ఆ నిబంధనలు కోరుతున్నాయి.

మగపిల్లలకు చెప్పాల్సింది చెప్పకుండా ఏ ఏర్పాటూ నిలవదు. ఈ విషయంలో తెలంగాణ ఒక మంచి పని చేసింది. పూనం మాలకొండయ్య కమిటీ సిఫారసుల తర్వాత, 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్' అనే తెలుగు–ఇంగ్లిష్ ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని 2015లో తెలుగు అకాడమీ ప్రచురించింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ దాన్ని ఇంజినీరింగ్ విద్యార్థులకు తప్పనిసరి కోర్సు చేసింది. ఇంటిపని, కూలిరేట్లు, వేధింపులు, కుటుంబ హింస వంటి అంశాలను చర్చ రూపంలో నేర్పే ఈ పాఠం డిగ్రీ కాలేజీలకూ, జూనియర్ కాలేజీలకూ చేరాలి. పరీక్ష ముందు గైడు చదివి రాసే సబ్జెక్టుగా మిగిలితే ప్రయోజనం ఉండదు.

మండలానికీ ఇందులో పాత్ర ఉంది. 2013 చట్టం ప్రకారం జిల్లాలో స్థానిక కమిటీ, గ్రామీణ ప్రాంతాల్లో మండల స్థాయి నోడల్ అధికారి ఉండాలి. వచ్చిన ఫిర్యాదును ఆ అధికారి ఏడు రోజుల్లో జిల్లా కమిటీకి పంపాలి. వీటిని గడువులోగా ఏర్పాటు చేయాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. బెజ్జంకి లాంటి చోట ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు మండల కార్యాలయం, బస్‌స్టాండ్, కాలేజీ గోడల మీద ఉండాలి. మహిళా సంఘాల సమావేశాల్లో తల్లులకు తెలియాలి. తన కూతురికి అన్యాయం జరిగిందని తెలిసిన తల్లి ఆమెను ఇంటికి తెచ్చుకోవడానికి బస్సెక్కే బదులు ఆ నంబరుకు ఫోన్ చేయాలి. కూతురు కాలేజీలోనే ఉండాలి, విచారణకు హాజరుకావాల్సింది వేధించినవాడు.