పైపుకు పూత, పనివాడికి పుండు



అహేరి వైపు సెలవు మీద ఊరికి పోయివచ్చిన మన సభ్యులు ఈ మధ్య రెండు మాటలు మోసుకొస్తున్నారు. ఊళ్ళో బోరింగు నీళ్ళు ఎర్రగా వస్తున్నాయన్నది ఒకటి. పిల్లలు మిల్లులకు రామంటున్నారు, ఇనుము పనికి పోతామంటున్నారన్నది రెండవది. చూడటానికి వేరువేరు సంగతులే. కానీ రెండింటిలోనూ ఉన్నది ఉక్కు పైపు, దాని మీది పూత. బట్టల మిల్లు కార్మికుల పత్రికలో పైపుల గొడవ ఎందుకని అడగదలచిన వారు చివరిదాకా చదివి అడగాలని కోరుతున్నాము.

ముందు బోరింగు సంగతి. మన ఊళ్ళలోని చేతిపంపు పేరు ఇండియా మార్క్-2. 1970లలో యూనిసెఫ్ సాయంతో తయారైన ఈ పంపుకు మూలం షోలాపూర్ పంపు. అవును, మన తెలుగు నేతగాళ్ళు తరతరాలుగా మగ్గాలు నడిపిన షోలాపూరే. బడిలో ఇంజనీరింగు చదవని ఒక మెకానిక్ దానిని తయారు చేశాడని చెబుతారు. పంపు తల గట్టిదే. చెడేది కింద, నీళ్ళలో వేలాడే జీఐ పైపు. జీఐ అంటే ఉక్కు మీద జింకు పూత. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. జింకు తాను అరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. అయితే నీళ్ళ పీహెచ్ 6.5 కంటే తగ్గితే, అంటే నీళ్ళకు పులుపు గుణం ఉంటే, జింకు త్వరగా కరిగిపోతుంది. ఆ తర్వాత ఇనుముకు జంగు పడుతుంది. మరలు కోసిన చోట పూత ముందే పోయి ఉంటుంది గనుక కప్లింగు దగ్గరే మొదట తింటుంది. చివరికి పైపు తెగి బోరులో పడుతుంది. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మళ్ళీ వాగుకు నడుస్తారు.

ఎరుపు భూమిలోదా, పైపుదా అని తెలుసుకోవటానికి పెద్ద చదువు అక్కరలేదు. తెల్లవారగానే మొదటి బిందెలు పట్టి చూడండి. అవి ఎర్రగా ఉండి, కొంతసేపు కొట్టిన తర్వాత నీళ్ళు తేటపడితే రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళు ఇనుమును తిన్నాయన్న మాట. ఎంతసేపు కొట్టినా ఎరుపు తగ్గకపోతే, లేదా తేటగా వచ్చిన నీళ్ళు బిందెలో నిలిచాక ఎర్రబడితే అది భూమిలోని ఇనుము. పీహెచ్ కాగితం మన డైయింగు ఖాతా వాళ్ళకు కొత్త కాదు. సెలవుకు పోయేటప్పుడు ఒక పుస్తకం జేబులో వేసుకుపోండి. నీళ్ళు 6.5 కంటే కిందికి చూపిస్తే, గ్రామ పంచాయతీలో దరఖాస్తు పెట్టి జీఐ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు గానీ, బోరింగుకు తగిన గట్టి పీవీసీ గానీ వేయమని అడగండి. అదే జీఐ పైపు మళ్ళీ వేస్తే అదే కథ మళ్ళీ వస్తుంది.

ఇక పిల్లల సంగతి. ఎటపల్లి తాలూకా సూర్జాగఢ్‌లో ఇనుప గని నడుస్తున్నది. చామోర్షి తాలూకా కోన్సరిలో ఉక్కు పని మొదలైంది. 2025 జూలైలో హేడ్రి నుండి కోన్సరి దాకా, 80 కిలోమీటర్లకు పైగా, ఖనిజాన్ని నీళ్ళతో కలిపి పంపే పైపులైను ప్రారంభించారు. ఇనుము వచ్చిన చోటికి పైపు పని, పూత పని కూడా ఏదో ఒక రోజు వస్తాయి. పిల్లలు పోవద్దని మేము అనము. మిల్లులు మూతపడుతున్నప్పుడు పోవద్దనే హక్కు మనకెక్కడిది? కానీ లోపల ఏముంటుందో తెలిసి పోవాలి.

జింకు పూత పనిలో పైపును ముందు కాస్టిక్ నీళ్ళలో కడిగి నూనె తీస్తారు. తర్వాత ఉప్పు యాసిడ్ తొట్టిలో ముంచి జంగు తీస్తారు. మళ్ళీ కడిగి, ఫ్లక్స్ పట్టించి, ఆరబెట్టి, సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగి ఉన్న జింకులో ముంచుతారు. పైపు లోపల తడి మిగిలితే ఆవిరి పేలి కరిగిన జింకు మనిషి మీద చిమ్ముతుంది. యాసిడ్ పొగ మధ్య ఏళ్ళ తరబడి నిలబడిన వాని ముందు పళ్ళు అరిగిపోతాయి. చివర, పూత మీద తెల్లజంగు రాకుండా చాలా చోట్ల క్రోమేటు నీళ్ళలో ముంచుతారు. భూమిలో పాతే పెద్ద పైపులకైతే ఇసుక దెబ్బ లాంటి బ్లాస్టింగు, ఫాస్ఫారిక్ యాసిడ్ కడుగు, తరచుగా క్రోమేటు, ఆ పైన ఎపాక్సీ పొడి, జిగురు, పాలిథిన్. పైపు మీద ఎన్ని పొరలో చూడండి. ముంచేవాని చేతికి ఒక జత గ్లౌజులు అడిగితే స్టోరులో లేవంటారు.

క్రోమేటు అంటే మాకు తెలుసు. పచ్చగా, నారింజరంగుగా ఉండే ఆ నీళ్ళు డైయింగులో బైక్రోమేటు పేరుతో మా చేతుల మీదుగానే పోయాయి. మా ఎడమచేతి వేళ్ళ సందున ఇప్పటికీ గుంట ఉంది. నొప్పి పెద్దగా లేని పుండు, మానటానికి నెలలు పట్టింది. "గోకున్నావేమో" అన్నాడు మిల్లు కంపౌండరు. పక్కన పనిచేసినతనికి ముక్కు దూలం చిల్లు పడింది. ఈ ఆరో రకం క్రోమియం క్యాన్సరు తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది. దాని బదులు మూడో రకం క్రోమియం వాడే పద్ధతి ఉంది. అడగకుండా ఎవరూ మార్చరు.

క్రోము పుండు 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో ఉండేది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ వచ్చింది. దాని మూడో షెడ్యూలులోనూ ఇది ఉంది. కానీ చట్టం రాసిన నాడు కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, కొత్త కోడ్‌లో 20 మంది ఉండాలి. పూత పని చేసే చిన్న షెడ్లలో ఎందరు ఉంటారో మనకు తెలియనిది కాదు. అందులోనూ సగం మంది ఠేకేదారు మనుషులుగా రాసి ఉంటారు.

కనుక అహేరి, సిరొంచ వైపు నుండి ఇలాంటి పనిలో చేరిన పిల్లలున్న సభ్యులు ఒక ఉత్తరం రాయాలని విజ్ఞప్తి చేస్తున్నాము. ఏ తొట్టి దగ్గర నిలబెట్టారు, పొగ లాగే ఫ్యాను ఉందా, కళ్ళు కడుక్కునే నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి, చేతుల మీద గుంటలు పడ్డాయా, ముక్కులో రక్తం వస్తున్నదా అన్నవి రాయండి. డబ్బా మీది మందు పేరు ఉన్నది ఉన్నట్టు దించండి. చదవటం రాకపోతే ఖాళీ డబ్బా చీటీ చింపి, చేతులు కడుక్కుని, కవరులో పెట్టి పంపండి.