చాంద్‌ను ఫోనులో కాదు, మిద్దెక్కి వెతకండి

శాబాన్ 29 సాయంత్రం మన జమ్మలమడుగులో మిద్దెలెక్కేవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. అందరి చూపూ ఫోన్ల మీదే. ఎక్కడిదో, ఏ ఏటిదో తెలియని నెలవంక తస్వీర్ ఒకటి వస్తుంది. "చాంద్ ముబారక్" అంటూ క్షణాల్లో ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టేస్తుంది. తస్దీక్ కాకముందే ఒక ఇంట్లో తరావీహ్‌కు బయల్దేరుతారు, పక్కింట్లో "ఎలాన్ రాలేదు కదా" అని బహస్ పెట్టుకుంటారు. ఈద్ చాంద్ దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. ఒకే ఖాందాన్‌లో అన్నకు ఈద్, తమ్ముడికి రోజా!

నేననేది ఒకటే: తస్వీర్ గవాహీ కాదు. ఫలానా చోట, ఫలానా వేళకు నా కళ్లతో చూశానని జిమ్మేదారీతో చెప్పే మనిషిదే గవాహీ.

దీనికి సైన్సులోనూ దలీల్ ఉంది. సూర్యచంద్రుల మధ్య సుమారు 7 డిగ్రీల ఎడం లేనిదే వంక కంటికి ఆనదని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రే దాంజోన్ 1930లలోనే లెక్కగట్టాడు. అదే ఫ్రాన్స్‌లో 2013 జులై 8న తియెరీ లెగో అనే ఫోటోగ్రాఫర్, సరిగ్గా అమావాస్య ఘడియలో, పట్టపగలు, సూర్యుడికి 4.4 డిగ్రీల దూరంలో ఉన్న వంకను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో పట్టాడు. కెమెరాకు చిక్కిందే రూయత్ అనుకుంటే, అమావాస్య నాడే నెల మొదలుపెట్టాలి మరి!

అలాగని ఫోటో తీయొద్దనను. ముందు కంటితో చూడండి, తర్వాత ఫోనును పిట్టగోడకు ఆనించి, వెలుగు తగ్గించి తీయండి. ఊరు, తేదీ, వేళ రాయండి. ఎవరో పంపిన ఫోటోనైతే పరఖ్ చేయండి. వంక వెలిగే అంచు ఎప్పుడూ సూర్యుడు దిగిన వైపే ఉంటుంది. కొమ్ములు కిందికి వేలాడుతుంటే అది సాయంత్రపు చాంద్ కాదు. దూర్‌బీన్ ఉన్నవాళ్లు సూర్యుడు పూర్తిగా మునిగాకే కంటికి పెట్టుకోండి, లేకుంటే చూపుకే ఖత్రా.

సన్నని వంక ఆకాశం అంచుకు దగ్గరగా ఉంటుంది, తొందరగా మునిగిపోతుంది. మన ఊరికి పడమట ఎర్రమల కొండలు అడ్డం. కాబట్టి పడమర తెరిపిగా ఉండే మెరక చూసుకోండి. గండికోట మనకు 15 కిలోమీటర్లే.

మబ్బు పట్టి కనపడలేదా? 30 పూర్తి చేయడమే దీన్ నేర్పిన తరీఖా. అందులో చిన్నతనమేమీ లేదు.

ఈసారి 29 సాయంత్రం ఫోను జేబులో పెట్టి, బచ్చాల చేయి పట్టుకుని మిద్దెక్కండి. చాంద్ కనపడితే దువా చదివి, మస్జిద్‌లో ఇమామ్ సాబ్‌కు చెప్పండి. ఎలాన్ సంగతి రూయత్ కమిటీ పెద్దలు చూసుకుంటారు.