ఎండుచేపకు నేల యెక్కడ?

మన పట్టణములలో ఎండుచేప పేరు విన్నంతనే ముక్కు మూసికొను పెద్దమనుష్యులు పెక్కురు. వారి రుచి వారిది. దానితో మాకు వివాదము లేదు. కాని ఆ యేవగింపే ప్రభుత్వవిధానమైనపుడు ఊరకుండుట తగదు.

ఇచ్ఛాపురము మొదలు తడ వఱకు జాలరి స్త్రీలు నెత్తళ్ళను, కవళ్ళను, సావళ్ళను ఇసుకపై ఆఱబెట్టి సంతల కంపుచున్నారు. వారమున కొకసారి సంత జరుగు పల్లెలో కూలివానికి మాంసకృత్తులు చౌకగా దొరకు త్రోవ యిది. పచ్చిచేపలో నూటికి 70 మొదలు 80 పాళ్ళు నీరే. దానిని 15 పాళ్ళకు దింపినగాని బూజు ఆగదు. ఇందుకు మండుటెండ యొక్కటియే చాలదు. ఎండ మితిమీరినచో పైపొర గట్టిపడి లోనితేమ నిలిచిపోవును. గాలి తేమగా నున్నచో ఎంత కాచినను ఆఱదు. ఎప్పుడు త్రిప్పవలయునో, దేనికెంత ఉప్పు పట్టింపవలయునో ఆ స్త్రీల వ్రేళ్ళకు తెలియును.

నేడు ఆకాశమే నమ్మరానిదైనది. వాతావరణము వేడెక్కినకొలది గాలి హెచ్చు తేమను మోయుచున్నది. వాన అకాలమున కురియుచున్నది. ఒక్క జాము వానకు మూడుదినముల సరకు పురుగుపాలగును. ఉప్పాడలో సముద్రము ఇండ్లనే మ్రింగినది. ఇక ఆఱబెట్టు ఇసుక మాట చెప్పనేల? దీనికితోడు తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు యంత్రపు పడవల వేట నిషిద్ధము. మత్స్యసంతతికి ఆ నియమము మేలే. అయితే మంచి యెండ కాచు దినములు నిషేధములో గడచి, రాబడి వానలతో గూడ వచ్చుచున్నదని ఎవరైన తలచిరా? వేటకు బోవువానికి భృతి కలదు. ఆఱబెట్టు స్త్రీకి పడవ లేదు గావున పట్టికలో చోటు లేదు.

ఈ పాతపద్ధతి పోయి కర్మాగారములు రావలయునని కొందఱందురు. యంత్రమునకు మేము శత్రువులము గాము. కొచ్చిలోని కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ సూర్యశక్తితో ఆఱబెట్టు యంత్రములను రూపొందించినది. అవి జాలరి స్త్రీల సంఘముల చేతిలో నున్నచో వారి విద్యకు గొడుగగును. షావుకారు చేతిలో నున్నచో వారిని కూలివాండ్రను జేయును.

తీరవాసుల కిది క్రొత్త పోరు గాదు. పరప్రభుత్వము ఉప్పుపై పన్ను వైచి, చెన్నరాజధానిలో చేపలకు ఉప్పు పట్టించుటకు ప్రత్యేకపు దొడ్లు కట్టించి, పన్నులేని ఉప్పును అచ్చటనే, కావలి నడుమ ఇచ్చెడిది. సముద్రపుటొడ్డున పుట్టినవాడు ఉప్పునకై చేయి చాపవలసివచ్చెను. 1930 లో జాతి ఉప్పు వండినది. 1947 లో ఆ పన్ను పోయినది. నేడు ఉప్పు దొరకుచున్నది, నేలయే కఱవైనది. 2011, 2019 సంవత్సరముల తీరప్రాంత నియంత్రణ ప్రకటనలలో చేపలాఱబెట్టు దొడ్ల పేరున్నది. కాని అనుమతి వేఱు, హక్కు వేఱు.

కావున ప్రతి జాలరిపల్లెలోను ఆఱబెట్టు నేలను గ్రామపటమున హక్కుగా నమోదు చేయవలయును. ఎత్తైన తడకలును వానకప్పును ఏర్పఱుపవలయును. తుపాను నష్టపు లెక్కలలో పడవతోడను వలతోడను ఎండుసరకును చేర్పవలయును. నిషేధకాలపు భృతి స్త్రీలకును ఈయవలయును.

పట్టణవాసులారా! ముక్కు మూసికొనువారు మూసికొందురుగాక. ఈ న్యాయమునకై నోరు మాత్రము తెఱవవలయును.