లైట్ ఆఫ్ చేసినా వెలుగుతోందా? బల్బుని తిట్టకండి, న్యూట్రల్ వైరు ఉందో లేదో చూడండి

టైమర్ స్విచ్ పెట్టారు. రాత్రి 11 గంటలకి గేటు లైటు ఆరిపోవాలి. డిస్‌ప్లే మీద 'ఆఫ్' అనే ఉంది. కానీ బల్బు మాత్రం మిణుగురు పురుగులా కొన్ని సెకన్లకోసారి మినుక్కుమంటోంది, లేదంటే సన్నగా వెలుగుతూనే ఉంది. వెంటనే ఏం చేస్తాం? బల్బు మారుస్తాం. తగ్గకపోతే స్విచ్ రిటర్న్ పెట్టి ఇంకోటి తెప్పిస్తాం. అదీ అంతే!

చాలాసార్లు బల్బు బాగానే ఉంటుంది, స్విచ్చూ బాగానే ఉంటుంది. ఆ రెండింటికీ జత కుదరదు, అంతే. ఆ విషయం కొనేముందే చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది, రివ్యూలు రాసే మనది. యాప్ బాగుందా, వాయిస్ కంట్రోల్ ఉందా అని పేజీలు నింపేసి, 'దీనికి న్యూట్రల్ కావాలా' అన్న ఒక్క ముక్క వదిలేస్తే ఆ రివ్యూ సగమే.

అసలు లోపల ఏం జరుగుతోంది?

మామూలు స్విచ్ ఆఫ్ చేస్తే ఫేజు తెగిపోతుంది. టైమర్ స్విచ్ అలా కాదు. లైటు ఆఫ్‌లో ఉన్నా దానిలోని గడియారం, డిస్‌ప్లే, వైఫై పని చేస్తూనే ఉండాలి. వాటికి కరెంటు కావాలి. స్విచ్ బోర్డులో న్యూట్రల్ ఉంటే అక్కడే సర్క్యూట్ పూర్తవుతుంది. లేకపోతే? బల్బు గుండానే కాస్త కరెంటు లాక్కుంటుంది. రెండు వైర్ల స్విచ్‌లు చాలావరకూ పని చేసేది ఇలాగే.

పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బుకి ఇది లెక్కే కాదు. 230 వోల్టుల దగ్గర అది సుమారు 260 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు పారితే ఫిలమెంట్ వేడెక్కదు కూడా. 9 వాట్ల ఎల్‌ఈడీ తీసుకునేదే 40 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల. పైగా దాని డ్రైవర్‌లో కెపాసిటర్ ఉంటుంది. బొట్టు బొట్టుగా వచ్చే కరెంటుతో అది నిండుతుంది, బల్బు ఒక్కసారి వెలుగుతుంది, ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. ఆ మినుకుమినుకు అదే.

2015 జనవరి 5న కేంద్రం మొదలుపెట్టిన ఎల్‌ఈడీ పథకానికి తర్వాత ఉజాలా అని పేరొచ్చింది. ఆ తర్వాత ఎల్‌ఈడీ ఇంటింటికీ చేరింది. గోడలోని వైరింగ్ మాత్రం చాలా ఇళ్లలో ఫిలమెంట్ కాలం నాటిదే. స్విచ్ దగ్గరికి ఫేజు, అక్కడి నుంచి బల్బుకి ఒక వైరు. న్యూట్రల్ సీలింగ్ దగ్గరే ఆగిపోతుంది.

నర్సీపట్నంలో ఒక ఇల్లు అనుకోండి

ఉద్యోగం విశాఖలో, సొంతిల్లు నర్సీపట్నంలో. వచ్చేది వారానికోసారి. ఇంట్లో మనుషులున్నట్టు కనిపించాలంటే గేటు లైటు సాయంత్రం వెలగాలి, రాత్రి ఆరాలి. టైమర్ స్విచ్‌కి ఇంతకంటే సరైన పని లేదు. కరెంటు పోతే వెలుగు ఉండాలని అక్కడ ఇన్వర్టర్ బల్బు పెట్టారనుకోండి, కథ ఇంకో మలుపు తిరుగుతుంది. లోపల బ్యాటరీ ఉండే ఆ బల్బు, స్విచ్ ఆఫ్ చేశారా లేక కరెంటు పోయిందా అన్నది బయటి సర్క్యూట్ తెరిచి ఉందా లేదా అన్నదాన్ని బట్టి కనిపెడుతుంది. రెండు వైర్ల టైమర్ ఆఫ్‌లోనూ సన్నటి దారి వదులుతుంది కాబట్టి, 'కరెంటు పోయింది' అనుకుని బ్యాటరీ మీద వెలిగే అవకాశం ఉంది. ఈ రెండింటినీ ఒకే లైను మీద పెట్టకపోవడమే మేలు.

తప్పు ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

మెయిన్ ఆఫ్ చేయించి, ఎలక్ట్రీషియన్‌తో ఈ వరసలో చూపించండి.

1. టైమర్ తీసి మామూలు స్విచ్ పెట్టండి. ఇండికేటర్ లైటు లేనిది అయ్యుండాలి, ఎందుకంటే ఆ చిన్న నియాన్ కూడా కరెంటు వదులుతుంది. బల్బు పూర్తిగా ఆరితే సమస్య టైమర్‌తోనే.

2. అప్పటికీ సన్నగా వెలుగుతుంటే తప్పు వైరింగ్‌లో ఉంది. స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పడి ఉండొచ్చు. ఇది ప్రమాదం. లైటు ఆరినా హోల్డర్‌లో ఫేజు ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు షాక్ కొట్టొచ్చు. మెట్ల దగ్గరి టూ-వే స్విచ్‌ల్లా పొడవాటి వైర్లు పక్కపక్కనే నడిచినా కొంత వెలుగు కనిపిస్తుంది.

3. సమస్య టైమర్‌దేనని తేలితే, అదే లైను మీద ఎల్‌ఈడీకి సమాంతరంగా ఒక ఫిలమెంట్ బల్బు కలిపి చూడండి. మినుకు ఆగిందా? రోగం తెలిసినట్టే.

మందు ఏంటి?

మంచిది న్యూట్రల్ లాగించి, న్యూట్రల్ ఉండే టైమర్ పెట్టడం. అకారా లాంటి కంపెనీలు రెండు రకాలూ అమ్ముతాయి, ఆర్డర్ పెట్టేముందు ఏ రకమో చూసుకోండి. గోడ పగలగొట్టడం కుదరకపోతే బల్బు దగ్గర సమాంతరంగా బైపాస్ పెట్టించొచ్చు. షెల్లీ దాన్ని విడిగానే అమ్ముతుంది. అది బల్బుకి పక్కన ఉండాలి, స్విచ్‌కి కాదు.

ఒక్క పని మాత్రం అస్సలు చేయనివ్వకండి. 'న్యూట్రల్ లేదు కదా, ఎర్త్‌కి కలిపేద్దాం' అంటారు. స్విచ్ భేషుగ్గా పని చేస్తుంది కూడా. కానీ ఎక్కడైనా ఎర్త్ వైరు తెగితే, ఆ కరెంటు ఫ్రిజ్, గీజర్ బాడీల మీదికి రావచ్చు. మినుక్కుమనే బల్బుతో కాపురం చేయొచ్చు, దీంతో చేయలేం.

మా మాట

'న్యూట్రల్ కావాలా? కనీస లోడ్ ఎన్ని వాట్లు?' ఈ రెండూ బాక్సు ముందువైపే పెద్దక్షరాల్లో ఉండాలి. మాన్యువల్ ఆరో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో కాదు. ఏ స్విచ్ రివ్యూలోనైనా స్టార్ రేటింగ్ కంటే ముందు ఈ రెండు జవాబులు వెతకండి.

ఇల్లు కడుతున్నవాళ్లు ఉంటే ఇంకో మాట. ప్లాస్టరింగ్ కాకముందే ప్రతి స్విచ్ బోర్డుకీ న్యూట్రల్ లాగమని చెప్పండి. అప్పుడైతే ఖర్చు కొన్ని మీటర్ల వైరే. తర్వాతైతే గోడ, రంగు, మేస్త్రీ, అన్నీ కలుస్తాయి.