కత్తెర పిల్లల చేతికివ్వండి

ఆదివారం ఉదయం తెలుగు బడి ముందు పిల్లల్ని దింపి, రెండు గంటల తరువాత వచ్చి ఎక్కించుకుని పోయే తల్లిదండ్రుల్లో మేమూ ఉన్నాం. తెలుగు సంగతి బడి చూసుకుంటుందిలే అని చాలా ఏళ్ళు ధీమాగా ఉన్నాం. బడి తన పని తాను చేసింది. మా అమ్మాయికి అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, నాలుగు వేమన పద్యాలు కూడా వచ్చాయి. కానీ గోడ మీది పటం చూసి "అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ" అని గడగడా చదివే పిల్ల, ఇంట్లో "ఆ తలుపు దగ్గరగా వేసి రామ్మా" అంటే మా మొహాల వంక చూసేది.

ఆలోచిస్తే కారణం తెలిసింది. మన పటాల నిండా వస్తువుల పేర్లే. పటంలో కత్తెర బొమ్మ ఉంటుంది. కత్తిరించడం, చింపడం, మడవడం, అతికించడం, బిగించడం, వదులు చేయడం మాత్రం ఆ బొమ్మలో ఇమడవు. ఆ మాటలు పని చేస్తుంటే వస్తాయి. మన ఇళ్ళలో పిల్లలు చేతులతో పని చేయడానికి వీలైన కాలం ఏడాదిలో ఒకటుంది. సెప్టెంబరు చివర మొదలై నవంబరు చివరి దాకా దసరా, హాలోవీన్, దీపావళి, థాంక్స్‌గివింగ్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చెట్లు రంగులు మారేదీ అప్పుడే. ఈ రెండు నెలలూ కొని తెచ్చిన వాటితో గడిపేయకండి అని చెప్పడానికే ఈ వ్యాసం. చెప్పే ముందు మేం చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

2017 హాలోవీన్‌కి మా అమ్మాయికి నెమలి వేషం కట్టాం. అప్పుడు దానికి ఏడేళ్ళు. నీలం శాటిన్ గుడ్డ, నెమలి ఈకలు, గ్లూ గన్ అన్నీ తెచ్చి రెండు రాత్రులు కూర్చుని మేమే చేశాం. పిల్ల పైన నిద్రపోతోంది. పొద్దున్న ఫోటోలు తీసి ఇండియాకు పంపితే అందరూ మెచ్చుకున్నారు, మమ్మల్ని. మధ్యాహ్నానికి బడిలో తోక సగం ఊడిపోయింది. ఎలా కట్టామో అది చూడలేదు కనక సరిచేసుకోవడం దానికి చేతకాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, వచ్చే ఏడు కొట్లో కొందాం అంది, ఇంగ్లీషులో.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. ఫోనులో మాట్లాడుతూ "తాతయ్య నిద్రపోయింది" అంది. అవతల నలుగురూ ఘొల్లున నవ్వారు. మేమూ నవ్వాం. ముద్దుగా ఉందని మళ్ళీ అనమన్నారు కూడా. ఆ తరువాత ఫోను చేతికిస్తే "హాయ్, బాగున్నా, బై", అంతే. వేషం మాకు నచ్చినట్టు ఉండాలి, మాట మాకు నచ్చినట్టు పలకాలి. మరి దానిదంటూ మేం ఏం మిగిల్చినట్టు? ఈ సంగతి మాకు తట్టడానికి ఆరేళ్ళు పట్టింది. అది కూడా మా అంతట మాకు తట్టలేదు.

2023 జూన్ చివర అమ్మమ్మ వచ్చారు. ఆరు నెలల విజిటర్లకు మన ఇళ్ళలో ఏం కాలక్షేపం ఉంటుందో అందరికీ తెలిసిందే. పొద్దున్నే అందరం వెళ్ళిపోతాం, సాయంత్రం దాకా ఆవిడ, టీవీ. ఆగస్టులో విసుగెత్తి కుట్టుమిషను కొనిపెట్టమన్నారు. అక్కడి నుంచి ఇల్లు మారింది.

అక్టోబరు మధ్యలో అందరం పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరాం. 1970ల్లో మనవాళ్ళు కట్టుకున్న గుడి అది. న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద ఆరు గంటల ప్రయాణం. హారిస్‌బర్గ్ దాటాక కొండల కింద నుంచి నాలుగు సొరంగాలు వస్తాయి, మొదటి రెండూ ఒకదాన్నొకటి ఆనుకున్నట్టే ఉంటాయి. సొరంగం దాటేదాకా ఊపిరి బిగబట్టాలని పిల్లల పందెం. సొరంగం బయట కొండంతా ఎరుపూ పసుపూ. అమ్మమ్మ కిటికీలోంచి చూస్తూ ఒక్కొక్క చెట్టుకీ రంగు చెప్పడం మొదలుపెట్టారు. అది మిరపపండు, ఇది గంధం, ఆ పక్కది ఇటుకరంగు, ఇంకా మారనిది అరిటాకుపచ్చ, ఆ మూలది వంకాయరంగు. అన్నీ చీరల రంగులు! మా తెలుగు పుస్తకంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని ఆరో ఏడో ఉన్నాయి. ఆ పూట కారులో ఇరవై దాకా వచ్చాయి.

అప్పుడు మా అమ్మాయి నోరు విప్పింది. ఆకులు ఎందుకు రంగు మారతాయో బడిలో చదువుకుంది. రోజులు పొట్టివవుతుంటే ఆకులో పత్రహరితం తయారవడం తగ్గిపోతుంది. ఉన్నది కూడా కరిగిపోతుంది. ఇన్నాళ్ళూ దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు, చాలా చెట్లలో అది శరత్కాలంలో కొత్తగా తయారవుతుంది. ఇదంతా దానికి ఇంగ్లీషులో బాగా వచ్చు. అమ్మమ్మకు చెప్పాలంటే తెలుగే గతి. "ఆకులో పచ్చ చచ్చిపోతాడు, అప్పుడు పసుపు కనిపిస్తాడు" అంది. మాకు నవ్వొచ్చింది, నాలుక కరుచుకున్నాం. అమ్మమ్మ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "నా జుట్టులాగానా? నలుపు పోయి తెలుపు బయటపడ్డట్టు?" అన్నారు. "అవును, అదే!" అంది పిల్ల. తరువాతి సొరంగం దాకా ఎరుపు సంగతి వివరిస్తూనే ఉంది. పందెం మరిచిపోయింది.

ఇక వేషం. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. హాలోవీన్ అంటే ఏమిటని అమ్మమ్మ అడిగితే, వేషం కట్టుకుని ఇంటింటికీ వెళ్ళడం అని చెప్పాడు. "ఓస్, మా ఊరికీ వచ్చేవాళ్ళు" అని పగటివేషాల సంగతి మొదలుపెట్టారు ఆవిడ. రోజుకో వేషం కట్టి ఊరంతా తిరిగి, చివరి రోజున ఇంటింటికీ వచ్చి సంభావన పుచ్చుకునేవారట. హాలోవీన్ మన పండగ కాదు, ఎందుకా గోల అనే మిత్రులు మాకున్నారు. నిజమే, మనది కాదు. కానీ వేషం కట్టి గడప గడపకీ వెళ్ళడం మనకు తెలియని పనేమీ కాదు.

వాడికి అన్నిటికన్నా నచ్చింది బుడబుక్కలాయన. తెల్లవారకముందే వచ్చి, చేతిలో బుడబుక్క వాయిస్తూ జోస్యం చెబుతాడని విని ఎగిరి గంతేశాడు. పాత కోటు, తలపాగా, భుజాన రకరకాల గుడ్డలు. అమ్మమ్మ మిషను దగ్గర కూర్చున్నారు గాని కత్తెర వాడికే ఇచ్చారు. అంచులు వంకర పోయాయి. సరిచేయబోతే మమ్మల్ని వంటింట్లోకి పంపేశారు. రెండు పెరుగు డబ్బాలు అడుగులు కలిపి అతికించి, దారానికి పూసలు ముడివేసి బుడబుక్క వాడే తయారు చేశాడు. రెండుసార్లు ఊడింది, రెండుసార్లూ వాడే అతికించుకున్నాడు. ఒక్క విషయంలో మాత్రం అమ్మమ్మ గట్టిగా చెప్పారు. "అది వాళ్ళ బతుకుతెరువు నాన్నా, వెక్కిరింతగా చేయకు. వాళ్ళ నోట మంచి మాట వినాలని అందరం ఎదురుచూసేవాళ్ళం." ఆ సాయంత్రం చలిగాలి. వీధిలో పిల్లలందరి వేషాలూ జాకెట్ల కింద దాక్కున్నాయి. వేషంలోనే కోటున్నవాడు మావాడొక్కడే. గుమ్మం గుమ్మానా డబ్బాలు వాయించి, ఏం వేషమో ఇంగ్లీషులో చెప్పి, "అంతా శుభమే తల్లీ" అని మాత్రం తెలుగులో అని వచ్చాడు.

వంటింటి సంగతులు చాలా ఉన్నాయి, ఒకటి రెండే చెబుతాం. ముఖం చెక్కే పెద్ద గుమ్మడికాయ కూరకు పనికిరాదు, పీచు, నీళ్ళు. దప్పళానికి చిన్నది విడిగా కొనాలి. అది కోయబోతే అమ్మమ్మ ఆపారు, గుమ్మడికాయకు మొదటి గాటు మగవాళ్ళు పెట్టాలట. "ఎందుకు?" అంది మా అమ్మాయి. ఆవిడ ఏదో చెప్పారు. "అది కారణం కాదు" అంది. పావుగంట వాదించుకున్నారు, మొత్తం తెలుగులో. అది తెలుగులో వాదించడం మేం ఎన్నడూ వినలేదు. చివరికి అదే కోసింది. అమ్మమ్మ గొణుగుతూనే పులుసు పెట్టారు.

మన రాష్ట్రంలో చాట్స్‌వర్త్ వైపు క్రాన్‌బెర్రీ మళ్ళు ఉన్నాయి. కోతల కాలంలో మడి నిండా నీళ్ళు పెడతారు. కాయ లోపల గాలి ఉంటుంది కనక పైకి తేలుతుంది. వరిమడిలో ఎర్ర తివాచీ పరిచినట్టుందన్నారు అమ్మమ్మ. ఒక కాయ కొరికి, "ఇది మన వాక్కాయే" అని తేల్చేశారు. థాంక్స్‌గివింగ్ నాడు మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి పచ్చడి చేశారు. బాణలిలో కాయలు టప్ టప్ మని పేలుతుంటే పిల్లలు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు. దీపావళికి పిల్లలు అంచులు నొక్కిన కజ్జికాయలు సగం నూనెలో విచ్చుకుని, నూనె మొత్తం పాడైంది. అది దాచడం ఎందుకు.

ఇంత తీరిక ఎక్కడిది అంటారు. మాకూ లేదు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. శనివారం ఈత, లెక్కల ట్యూషను, పుట్టినరోజు పార్టీలు మాకూ ఉన్నాయి. ఆ రెండు నెలలూ ట్యూషను మానిపించాం. లెక్కల్లో కొంచెం వెనకబడ్డాడు, జనవరిలో అందుకున్నాడు. అమ్మమ్మలు అందరికీ రారు, నిజమే. కానీ అమ్మమ్మ వచ్చారు కాబట్టి జరిగింది అనుకుంటే ఆవిడ వెళ్ళాక ఆగిపోవాలి. డిసెంబరులో వెళ్ళిపోయారు. మరుసటి సెప్టెంబరులో మా పక్క వీధిలో ఉండే వరంగల్ వాళ్ళింట్లో బతుకమ్మ పేర్చడం నేర్చుకోవడానికి మా అమ్మాయి తానే వెళ్ళింది. ఇక్కడి నర్సరీల్లో సిలోషియా అని అమ్మేది మన గునుగు జాతి మొక్కేనట. వాళ్ళు పెరట్లో వేశారు. తంగేడు లేదని పసుపు చామంతులు పెట్టారు. వరస కొంచెం ఒరిగింది. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని సర్దలేదు, "ఇంకో వరస పెట్టు బిడ్డా" అన్నారు.

అందుకే బడి కమిటీకి మా మనవి ఒకటుంది. వార్షికోత్సవం నాటికలకు దుస్తులు ఇండియా నుంచి తెప్పించడం ఈసారి మానేద్దాం. నెల ముందు నుంచి తరగతిలో అరగంట కేటాయించి, అట్టలు, పాత చీరలు, జిగురు పిల్లల ముందు పడేద్దాం. కిరీటం వంకరగా వస్తుంది, మీసం ఊడుతుంది, వీడియో అందంగా రాదు. మాటలు కూడా తడబడతాయి. ముందు వరసలో కూర్చునే పెద్దలం నవ్వకుండా ఉండగలిగితే చాలు. మాకే కష్టం అది, మొన్న కూడా ఫోనులో అమ్మమ్మతో "పచ్చడి బాగా వచ్చాడు" అంది పిల్ల. మేం వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాం. ఫోను అరగంట నడిచింది.

ఈ ఏడు ఏం వేషం కడతాడో మా అబ్బాయి ఇంకా చెప్పలేదు. పెరుగు డబ్బాలు మాత్రం నాలుగు కడిగి, మంచం కింద దాచిపెట్టాడు.