ఖేడ్ గతం కిలోల లెక్కన పోతోంది

నారాయణఖేడ్ లాంటి ఊరి గతం పుస్తకాల్లో దొరికేది తక్కువ. పాత విలేకరుల ఇళ్ళల్లో, అటకల మీద, తాళం పోయిన సూట్‌కేసుల్లో దొరికేది ఎక్కువ. లైన్ అకౌంట్ కోసం కత్తిరించి తెల్లకాగితాల మీద అంటించుకున్న వార్తలవి. నెలలో ఎన్ని సెంటీమీటర్లు అచ్చయితే అన్ని రూపాయలు. అందుకని కంట్రిబ్యూటరు తన వార్తను తానే కత్తిరించి, స్కేలు పెట్టి కొలిచి, లెక్క రాసి ఆఫీసుకు పంపేవాడు. మరో ప్రతి తన దగ్గర ఉంచుకునేవాడు. మొన్నటి డబ్బు ఇవాళైనా వస్తుందా అన్నదే అతని బాధ. ఊరి చరిత్ర భద్రపరుస్తున్నానన్న ఆలోచన అతనికి ఉండి ఉండదు. అలా రాసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసేటప్పుడు ముందుగా బయటికి పోయేది ఆ సూట్‌కేసే. పాత సామాన్లవాడి త్రాసుకు నిన్నటి పేపరూ ఒకటే, ముప్పై ఏళ్ళ కిందటి పేపరూ ఒకటే.

పాత కాగితాల మీద మమకారమని దీన్ని తీసిపారేయడానికి లేదు. అసలు కాగితం లేని చోట ఎవరేం చెబితే అదే గతమవుతుంది. మూడు రాష్ట్రాల భాషలు కలిసే సరిహద్దు ఊళ్ళో అది ఎంతటి ప్రమాదమో చెప్పడమే ఈ సంపాదకీయం ఉద్దేశం.

ఖేడ్‌కు ఒక చిక్కుంది. ఊరు కదల్లేదు గానీ దాని చిరునామా కదులుతూనే ఉంది. నిజాం కాలంలో అది బీదర్ జిల్లా తాలూకా. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదర్ జిల్లా మూడు ముక్కలైంది: బీదర్, భాల్కి, హుమ్నాబాద్ వైపు మైసూరుకు, ఉద్గీర్, నీలంగ వైపు బొంబాయికి, నారాయణఖేడ్, జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు. 2016 అక్టోబరు 11న మళ్ళీ మారి సంగారెడ్డి జిల్లా అయింది. పత్రికలు వార్తలను జిల్లాల వారీగా సర్దుతాయి కాబట్టి ఖేడ్ వార్తలు మూడు జిల్లాల కట్టల్లో, నాలుగు భాషల్లో చెదిరిపోయాయి. 1956కు ముందటి సంగతి కావాలంటే బీదర్ పేరుతో హైదరాబాదు ఉర్దూ పత్రికల్లో వెతకాలి. అవి కాతిబులు చేత్తో రాసిన నస్తాలీక్ అక్షరాలను రాతి అచ్చు మీద ముద్రించినవి. యంత్రం సరిగ్గా చదవలేదు, చదవగల మనుషులు రోజురోజుకూ తగ్గుతున్నారు. కన్నడ, మరాఠీ పత్రికల్లోనూ చూడాలి. ఆ తర్వాతి సంగతులకు మెదక్ పేజీలు, ఇప్పటివాటికి సంగారెడ్డి పేజీలు.

తెలుగు మాటకొస్తే, సురవరం ప్రతాపరెడ్డి 1926 మేలో ‘గోలకొండ పత్రిక’ పెట్టారు. ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో జోగిపేటలో జరిగితే అధ్యక్షుడు ఆయనే. హైదరాబాదు నుంచి ఖేడ్‌కు పోయే దారిలోనే ఉంది జోగిపేట. కానీ అప్పట్లో అది మెదక్ జిల్లాలో, ఖేడ్ బీదర్ జిల్లాలో. జిల్లా గీతను నమ్ముకొని వెతికే పరిశోధకుడికి ఈ రెండు ఊళ్ళూ ఒకే దారి మీద ఉన్నాయని తోచనే తోచదు.

ఊరి వార్త పేపర్లో విరివిగా రావడం మొదలైంది 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు తెచ్చాకే. తక్కిన పత్రికలు అదే బాట పట్టాయి. బోరు మోటారు కాలిపోవడం, పశువుల సంత, పాఠశాల గోడ కూలడం, ఆసుపత్రికి డాక్టరు రాకపోవడం, అన్నీ ‘నారాయణఖేడ్, న్యూస్‌టుడే’ అన్న డేట్‌లైన్ కింద అచ్చులోకి ఎక్కాయి. అంతకుముందు ఏ ప్రభుత్వ గెజిటూ రాయని బతుకు అది. విచిత్రమేమిటంటే, అన్నిటికంటే తక్కువగా భద్రపరిచిందీ దాన్నే. ప్రధాన సంచికను బైండు చేసి దాచే గ్రంథాలయాలు కొన్ని ఉన్నాయి. జిల్లా టాబ్లాయిడ్ చాలాచోట్ల సాయంత్రానికే మిర్చి బజ్జీల పొట్లమైంది.

చట్టం ఉంది కదా అనవచ్చు. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టాన్ని 1956లో సవరించి పత్రికలనూ అందులో చేర్చారు. ప్రతి సంచికనూ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి ఏషియాటిక్ సొసైటీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి పంపాలి. ఈ నాలుగింటిలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. పంపకపోతే ఆ చట్టం పెట్టిన జరిమానా 50 రూపాయలకు మించదు. ఒకే పేరుతో, ఒకే తేదీతో జిల్లాకో రకంగా అచ్చయ్యే పత్రిక వస్తుందని ఆ చట్టం రాసినవాళ్ళు ఊహించి ఉండరు. ఇక మన శాఖా గ్రంథాలయాల్లో జాగా చాలక పాత పేపర్లను కొన్నాళ్ళకు తూకానికి వేయడం మామూలే. 2020 లాక్‌డౌన్ రోజుల్లో చాలా పత్రికలు టాబ్లాయిడ్లను ఎత్తేసి, జిల్లా వార్తలను ప్రధాన సంచికలో కొన్ని పేజీలకు కుదించాయి. మూడు దశాబ్దాల వాడుక నాలుగు రోజుల్లో ముగిసింది. ఆ టాబ్లాయిడ్ల పాత సంచికలు ఏమయ్యాయని అడిగినవాళ్ళు లేరు.

మిగిలిన క్లిప్పింగుల సంగతీ అంతంతమాత్రమే. న్యూస్‌ప్రింట్ చవకరకం చెక్క గుజ్జుతో చేసిన కాగితం. అందులోని లిగ్నిన్ వెలుతురుకు, గాలికి పసుపుబారుతుంది. ఆమ్లం పెరిగి కాగితం పెళుసెక్కుతుంది. మడత పెట్టిన చోటే ముందు విరుగుతుంది. మైదా పిండితో అంటిస్తే పురుగు పడుతుంది. సెలోటేపు వేస్తే దాని జిగురు అక్షరాల్లోకి దిగి గోధుమరంగు చార మిగులుతుంది. లామినేషన్ చేయిస్తే భద్రమని అనుకుంటారు. లోపలి ఆమ్లం లోపలే ఉండి దాని పని అది చేసుకుపోతుంది, మళ్ళీ బయటికి తీయడానికీ వీలుండదు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం కత్తెర చేసింది. వార్త మేరకే కత్తిరించడంతో పత్రిక పేరు, తేదీ పై అంచులోనే ఉండిపోయాయి. అలాంటి ముక్క చేతికి వచ్చినప్పుడు ఓపిక ఉన్నవాళ్ళు వెనక్కి తిప్పి చూస్తారు. సగం తెగిన సినిమా ప్రకటనో, టెండరు నోటీసులో చివరి తేదీయో, క్రికెట్ స్కోరో కనిపిస్తుంది. దాన్ని పట్టుకొని సంవత్సరం, కొన్నిసార్లు రోజు కూడా తేల్చవచ్చు. తెల్లకాగితానికి పూర్తిగా అంటించేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. ఫోనుతో ముందువైపు మాత్రమే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నవాళ్ళు కూడా, మంచి మనసుతోనే, ఆ దారిని మూసేస్తున్నారు.

అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. తేదీ, పత్రిక పేరు లేని నిజమైన ముక్కకూ, కంప్యూటరు మీద అరగంటలో తయారుచేసిన దొంగ ముక్కకూ చూసేవాడికి తేడా కనిపించదు. ఎన్నికలొస్తే పెద్ద పత్రికల అక్షరాలతో, వాటి పేజీ అమరికతో దొంగ క్లిప్పింగులు తిరగడం, అది మాది కాదని ఆ పత్రికలు మర్నాడు వివరణ ఇచ్చుకోవడం తెలంగాణలో అందరూ చూస్తున్నదే. నిన్నటి వార్త గనక వివరణ ఇవ్వడానికి పత్రిక ఉంది. 1948 నాటి ముక్క అంటూ ఒకటి ప్రచారంలోకి వస్తే వివరణ ఇచ్చేదెవరు?

1948 పేరు ఎత్తింది కావాలనే. ఆ ఏడాది మేలో అప్పటి బీదర్ జిల్లా గోర్టాలో రజాకార్లు ఊచకోత సాగించారు. సెప్టెంబరులో పోలీసు చర్య అయ్యాక ముస్లింల మీద జరిగిన హింసను తెలుసుకోవడానికి వచ్చిన పండిట్ సుందర్‌లాల్ బృందం, ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లను పేర్కొంది. సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ బృందంలో ఒకరైన కాజీ అబ్దుల్ గఫార్ హైదరాబాదులో ‘పయామ్’ పత్రిక నడిపిన సంపాదకుడు. నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనం చూడగలిగేసరికి 2013 వచ్చింది. అంటే 65 ఏళ్ళపాటు ఈ ప్రాంతం తన కథను చెవిమాటలతోనే నడుపుకొచ్చింది. గోర్టా జరిగింది, ఆ తర్వాతదీ జరిగింది. ఒకదాన్ని దాచి రెండోదాన్నే చూపే ముక్క, నిజమైనదైనా సరే, చేతికిచ్చిన అగ్గిపుల్లే. అదే కాలపు మిగతా సంచికలు పక్కన ఉంటే ఆ ముక్కను దాని చోట నిలబెట్టి చదవగలం. అవి లేకుంటే వాట్సాప్ గ్రూపులో గట్టిగా అరిచినవాడిదే చరిత్ర.

మామూలు విషయాల్లోనూ నష్టం తక్కువేం కాదు. 2016 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌కు ఉప ఎన్నిక జరిగింది. మంత్రులు తిరిగారు, హామీలు కురిశాయి. అవన్నీ మెదక్ పేజీల్లో ఉన్నాయి. ఎనిమిది నెలలకు జిల్లా మారింది. ఆ హామీల్లో ఏది నెరవేరిందో, ఏది మూలపడిందో రాసిన వార్తలు సంగారెడ్డి పేజీల్లోకి పోయాయి. రెండూ పక్కపక్కన పెట్టుకునే చోటు ఊళ్ళో లేదు. 2022 ఫిబ్రవరి 21న అప్పటి ముఖ్యమంత్రి ఇదే ఊళ్ళో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు: 4,427 కోట్ల రూపాయలు, 3.84 లక్షల ఎకరాలు అన్నారు. మంజీర పక్కనే పారుతున్నా చేలు వానకు ఎదురుచూసే తాలూకాలో ఆ అంకెలు మరిచిపోవలసినవి కావు. శిలాఫలకం మీద పేర్లుంటాయి. ఆ రోజు సభలో ఏం చెప్పారో, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారో పేపర్లోనే ఉంటుంది.

అలాగని క్లిప్పింగు చెప్పిందల్లా వేదమనుకోవడమూ ప్రమాదమే. పత్రికకు ఎక్కినదే ఊరు కాదు. దసరా దాటితే చెరుకు కొట్టడానికి కర్ణాటకకు, మహారాష్ట్రకు బయలుదేరే తండాల మీద ఏటా ఒక ఫొటో వస్తుంది: తాళం వేసిన ఇళ్ళు, అరుగు మీద ఒక ముసలమ్మ. వెళ్ళినవాళ్ళు అక్కడ ఎలా బతికారో, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎలా తీర్చారో ఆ ఫొటోలో ఉండదు. మిగతా కాలంలో తండా పేపర్లో కనిపించేది గుడుంబా దాడుల్లో, రోడ్డు ప్రమాదాల్లో. ఆ ముక్కలే ఆధారంగా రేపెవరైనా ఖేడ్ చరిత్ర రాస్తే అందులో లంబాడీలు నేరస్థులుగా, బాధితులుగా తప్ప మనుషులుగా కనిపించరు.

కంప్యూటరులోకి ఎక్కిస్తే సరిపోతుందని తేల్చేయడమూ తగదు. తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చిన తొలిరోజుల్లో ఒక్కొక్కరిది ఒక్కో ఫాంటు. యూనికోడ్ వచ్చాక ఆ పేజీలు తెరిస్తే పిచ్చిగీతలే. చాలా ఈ-పేపర్లు కొంత కాలానికి మించి వెనక్కి పోనివ్వవు. కాగితం కట్టలన్నీ ఒక్కచోటే చేర్చినా భయమే: 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ సేకరణ నీట మునిగింది. అబ్దుల్ సమద్ ఖాన్ అనే ఒక్క మనిషి ఏళ్ళ తరబడి పోగుచేసిన పుస్తకాలు, పత్రికలవి. కాగితం ఒకచోట, స్కాన్ ప్రతులు వేరే రెండుచోట్ల ఉండాలి.

చిన్న ఊరికి ఇదంతా సాధ్యమా అంటే, వేటపాలెం చేసి చూపింది. నేతగాళ్ళ ఊరు అది. అక్కడ 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికల కట్టలకు పేరుపడింది. ఇప్పటికీ వాటికోసం దూరాల నుంచి పరిశోధకులు వస్తారు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం ‘ట్రోవ్’ అన్న పేరుతో చిన్న ఊళ్ళ పత్రికలను కూడా ఆన్‌లైన్‌లో పెట్టింది. యంత్రం తప్పుగా చదివిన అక్షరాలను పాఠకులే ఇంట్లో కూర్చుని దిద్దుతారు. అచ్చు అక్షరాలను యంత్రంతో చదివించే ఓసీఆర్ తెలుగులో ఒత్తులు, గుణింతాల దగ్గర తడబడుతుంది, దానికి అలాంటి సాయమే కావాలి. ఖేడ్‌లో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. రోజుకో పేజీ వాళ్ళకు భారం కాదు.

డబ్బు లేదన్న మాట చెల్లదు. మనం కట్టే ప్రతి ఇంటిపన్ను రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. 2018లో నారాయణఖేడ్ మున్సిపాలిటీ అయింది. ఆ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసిన బాధ్యత దానిది. అందులోంచి ఒక స్కానరు, ఆమ్లం లేని కాగితపు అట్టపెట్టెలు, జీతానికి ఒక మనిషి, తాళం వేసే ఒక గది సమకూర్చుకోవచ్చు. పత్రికల యాజమాన్యాలు తమ సర్వర్లలో ఉన్న పాత జిల్లా పేజీలను మెదక్, సంగారెడ్డి అని చూడకుండా ఊరి పేరుతో వెతకగలిగేలా గ్రంథాలయాలకు ఇవ్వాలి. ఇరవయ్యేళ్ళ కిందటి టాబ్లాయిడ్‌తో వాళ్ళు ఇక చేయబోయే వ్యాపారమేమీ లేదు.

వీటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది, దానికి స్కానరు కూడా అక్కర్లేదు. పాత విలేకరుల దగ్గర కూర్చొని ఒక్కో ముక్క చూపించి అడగాలి: ఇది ఏ ఏడాదిది, ఏ పేపరుది, ఫొటోలో పక్కన ఉన్నదెవరు, దీన్ని పంపినప్పుడు డెస్కులో ఎంత కోశారు, ఎవరు ఫోను చేసి ఆపమన్నారు, పంపినా అచ్చుకాని వార్త ఏమిటి. జవాబును అదే ముక్క వెనక పెన్సిలుతో రాయాలి, పెన్ను వద్దు, సిరా ఇటువైపుకు దిగుతుంది. వెనకవైపు అచ్చు తేదీ తేల్చేదైతే విడికాగితం మీద రాసి జతచేయాలి.